అచ్చుకాని చరణం

కృష్ణవేణి ఆ పాత పుస్తకాన్ని మెత్తటి దిండు మీద పెట్టి తెరిచింది. రెండు వందల ఏళ్ళనాటి కీర్తనల పుస్తకం. పెన్సిల్వేనియాలోని ఆ చిన్న ఊరి లైబ్రరీలో ఆమె వాలంటీరు.

దాన్ని అచ్చువేసిన కేలెబ్ రీస్ వర్జీనియాలో వారపత్రిక నడిపేవాడు. జనం నోట ఉన్న పాటలు ఏరి, పుస్తకం వేసి, ఉత్తర రాష్ట్రాల్లో ప్రతి చర్చికీ ఉచితంగా పంపాడు. ధర్మాత్ముడని లైబ్రరీ గోడకు అతని పటం కట్టారు.

ఎదురుగా చక్రాల కుర్చీలో డెల్లా. ఎనభై ఆరేళ్ళ నల్లజాతి ముసలామె. డాక్టర్లు నెల గడువిచ్చారు. ఈలోగా ఆమెకు తెలియాల్సింది ఒక్కటే. తమ వంశానికి మూలపురుషుడు జోనా, భార్యనూ చంటిబిడ్డనూ ఎందుకు వదిలిపోయాడు?

ఎక్కణ్ణుంచి వచ్చాడో ఎవరికీ చెప్పని మనిషట. ఈ పుస్తకం ఊరి చర్చికి వచ్చిన తొలి ఆదివారం, ఇందులోని ఒక పాట మూడు చరణాలు పాడి అందరూ కూర్చున్నారట. జోనా ఒక్కడే నిలబడి నాలుగోది ఎత్తుకున్నాడట. ఆ పాట కట్టింది తనేనని భార్య చెవిలో చెప్పాడట. ఆ నెల తిరిగేలోగా మనిషి లేడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఏ బిడ్డకూ ఆ పేరు పెట్టలేదు.

“అలిగి పోయుంటాడు ఆంటీ,” అంది పాత పత్రికలు స్కాన్ చేసే అవని. “తన పాటలో ముక్క కట్ చేస్తే ఎవరికైనా మండదా?”

“చోటు చాల్లేదేమోనమ్మా. రీస్ మాత్రం ఏం చేస్తాడు?” అంది కృష్ణవేణి.

“సగం పేజీ ఖాళీగా వదిలేశాడు, చూడండి. మీరేమో ఆయన లాయర్‌లా మాట్లాడుతున్నారు.”

నిజమే. మూడో చరణం కింద అంతా తెల్లకాగితం.

కృష్ణవేణి రీస్ పత్రికలు వెతకమంది. అవని కంప్యూటర్‌లో పాట మొదటి మాటలు కొట్టింది. ఒక్కచోటే దొరికింది, చివరి పేజీలో ఓ ప్రకటన. అవని సగం చదివి ఆగిపోయింది. స్క్రీన్‌ను ఇటు తిప్పింది.

“ఆమెకు మీరే చెప్పండి ఆంటీ. నా వల్ల కాదు.”

కృష్ణవేణి డెల్లా చెయ్యి పట్టుకుని, అక్షరాల వెంట వేలు నడిపింది.

‘నా అచ్చుకూటం నుంచి పారిపోయిన నా బానిస జోనా కట్టిన పాట యిది, నాలుగో చరణం వాడొక్కడికే తెలుసు గనుక కావాలనే వేయలేదు, ఏ చర్చిలో ఎవడు దాన్ని పాడినా పట్టి నాకు అప్పగించవలెను.’