సోడా చచ్చేలోపల

హరీశ్ బొటనవేలితో గోలీని నొక్కాడు. కీచుమని అరిచి సీసా నోరు తెరిచింది. సోడాను గాజు గ్లాసులో పోసి, పటం ముందరి ఆకు పక్కన పెట్టాడు. ఆకులో రాగిముద్ద, ఉలవచారు, అలసంద వడలు, ఓరగా తాంబూలం.

పెద్దల అమావాస్య. ఈ ఇంట్లో ఇది కొత్త ఎడ, మనిషి పోయినాక పెట్టే తొలి విస్తరి. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వడ్డించి తలుపు మూస్తారు. వాళ్లొచ్చి తిని పోయేదాకా బతికున్నవాళ్లు మెతుకు ముట్టకూడదు. ఆ గదిలో ఉండనూ కూడదు.

పాపక్క ఉండిపోయింది. తలుపు చాటున, బియ్యం మూట పక్కన ఒదిగి కూర్చుంది. ఎవరూ లెమ్మనలేదు.

మొగుడు తిమ్మరాయప్ప కోసం. ఆయన ఒక్క మాట మాట్లాడితే చాలు.

మొదట్నుంచీ మాటల మనిషి కాడు. నగర్తపేటలో సోడా దుకాణం. పగలంతా సీసాలకు గ్యాసు పట్టించడం, ఇంటికొస్తే మూగనోము. ఆ రోజు పొద్దున పాపక్కకు ఓపిక చచ్చింది. "సీసాకైనా గోలీ నొక్కితే నోరు తెరుచుకుంటాది. నీకు యాడ నొక్కాలప్పా?" అంది. ఆయన చెప్పులేసుకుని దుకాణానికి పోయాడు. అంతే. మళ్లీ ఆమెతో మాట కలిపే పొద్దు రాలేదు.

గ్లాసు అడుగున సన్నని గీత ఉంది. బుడగలన్నీ అక్కణ్ణుంచే వరసగా లేస్తున్నాయి. గసగసంత పుట్టి, దారిలో గాలి తాగి, ఆవగింజంత అవుతున్నాయి. లావయ్యేకొద్దీ తొందర. పైకొచ్చి టప్పున పగిలి, లేకుండా పోతున్నాయి.

"ఉత్త నున్నటి గాజుమీద బుడగ పుట్టదు. పట్టుకునేదానికి దానికీ ఒక గాయం కావాల." పెళ్లయిన కొత్తలో ఆయనే చెప్పాడు. ఆయన మాట్లాడిన మాటల్లో అదే పెద్దది.

బుడగలు ఆగితే సోడా చచ్చినట్టు. సోడా చస్తే ఎడ ముగిసినట్టు. ఈ ఇంటి వాడుక అది. ఆలోపల ఆయన రావాల. రాకపోతే మళ్లీ యాడాదికే.

బయట కోడలు నళిని గొణుగుతోంది. "ఇంకా ఎంతసేపు? బ్రూక్‌ఫీల్డ్‌కు పోవాల నేను. హాఫ్ డే లీవే ఇచ్చినారు."

"తొందరపెట్టద్దే. నిదానంగా తిననీ," హరీశ్ గొంతు.

"నీ కడుపు కూసేది నాకు ఇక్కడికి వినపడతాండాది."

పాపక్కకు నవ్వొచ్చింది. అంతలోనే తలుపు సందులో కొడుకు కన్ను కనబడింది. గ్లాసునే చూస్తోంది. నవ్వు ఆగిపోయింది.

గీత దగ్గర బుడగలు పలచబడ్డాయి. ఒకటి లేచాక ఇంకోటి లేవడానికి ఆలోచిస్తోంది.

"రాప్పా," అంది పాపక్క. "తిట్టేదానికైనా రా."

అగరొత్తి పొగ ఉన్నట్టుండి వణికింది. కిటికీ మూసే ఉంది.

గడప అవతల ఎవరో చప్పట్లు కొట్టారు. లోపలికి వచ్చినవాళ్లు తప్పుకోవాలని, తలుపు తీసేముందు అలా కొడతారు. పాపక్క తప్పుకోలేదు. లేచి గడపకు అడ్డంగా నిలబడింది.

తలుపు తెరిచి, తిమ్మరాయప్ప దుకాణం చొక్కాతోనే ఆమెలో నుంచి నడిచొచ్చి, దండ వేసిన ఆమె పటం ముందర కూలబడి, "కోపం పోయిందా, పాపా?" అన్నాడు.