పరదా తీయమన్న చేపలు

ఇలా దగ్గరికి జరగండి, గట్టిగా చెప్పే సంగతి కాదు.

"నానమ్మా, మళ్ల పరదా తీసినవా?" నా మనవడు సాయిచంద్ ఆఫీసు మీటింగ్ మ్యూట్‌లో పెట్టి మరీ లేచొచ్చాడు. "ఎండ తగిలితే చేపల తొట్టిల పాచి పడతదని ఎన్నిసార్లు చెప్పిన? చూడు, నీళ్లు పాలకూర పప్పు లెక్కయినయ్!"

"చేపలే అడిగినయ్ బిడ్డా, జర ఎండ కావాలని."

"అట్లనా?" వాడు పరదా మూసేశాడు. "ఈ పరదా ఇయ్యాల్నే కుట్టేస్త."

అప్పటికే పదకొండు గంటలయింది. ఆగలేక వాడి ముందే పరదా మళ్లీ పక్కకు లాగేశాను.

ఎదురు టవర్ కిటికీలో నా ఈడు ముసలామె నిలబడి సొరకాయ పైకెత్తి చూపించింది.

"ఎవరామె?"

"పేరు తెల్వదు. రోజూ పదకొండుకు ఆమె వండేది నాకు చూపిస్తది, నేను వండేది ఆమెకు చూపిస్త. కొండాపూర్‌కొచ్చినంక నాకున్న సోపతి ఆమొక్కతే."

వాడు తొట్టిని చూశాడు, ఆమెను చూశాడు. గబగబా వంటింట్లోకి పోయాడు.

"నానమ్మా, మనది బీరకాయనా, వంకాయనా? జల్ది చెప్పు, ఆమె చెయ్యి గుంజుతది! తొట్టి నా రూముల పెట్టుకుంట తియ్యి."

ఈ ముచ్చట గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పండి. తిరిగి తిరిగి ఆమె చెవిన పడితే, సొరకాయ కూరలో నువ్వుల పొడి చల్లమన్నానని కూడా చెప్పండి. అది చేతులతో చూపించడం నాకు చేతకాలేదు.