కుండీ ఎత్తే పద్ధతి

పొద్దున్నే ఏడింటికి ఆయనగారికి తోటమీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఏడాదికి రెండుసార్లు పుడుతుంది. పుట్టిన ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒకటి విరుగుతుంది.

ఈసారి కన్ను మందార కుండీమీద పడింది. గోడ నీడలో ఉండి మొగ్గ తొడగడం లేదట. ఎండలోకి జరపాలట. అసలే సిమెంటు కుండీ. రాత్రి వానకి మట్టంతా నాని, దున్నపోతంత బరువుంది.

ఇల్లాలు కాఫీ కప్పుతో మెట్లమీద కూర్చుంది. వద్దంటే మరింత చేస్తాడని పాతికేళ్లుగా తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు.

“ఏమండీ, అలా నడుం వంచి ఎత్తకూడదు. మోకాళ్లు వంచి, బరువు పొట్టకి ఆనించుకుని లేవాలట.”

“నాకా పాఠాలు! ఎవరు చెప్పారు నీకు?”

“ఎవరో పెద్ద డాక్టరుగారు టీవీలో చెప్పారు లెండి.”

“అయితే ఆయన్నే పిలిచి ఎత్తించు. కుర్చీలో కూర్చుని ఎన్నైనా చెప్తారు!”

“ముందు సగం మట్టి తీసేయమన్నారు. కాళ్లూ చేతులూ కాస్త సాగదీశాకే పనిలోకి దిగమన్నారు.”

“నేను కుండీ ఎత్తుతున్నానా, నాట్యం చేస్తున్నానా?”

“పోనీ, నేనో పక్క పడతాను.”

“కూర్చో! ఈపాటి కుండీకి పటాలమెందుకు?”

ఆమె కూర్చుంది. మగమహారాజు పరాక్రమం చూసే భాగ్యం రోజూ దొరకదు కదా.

ఆయన పైజామా పైకి లాక్కున్నాడు. విల్లులా వంగాడు. ఊపిరి బిగబట్టాడు. కుండీ జానెడు లేచింది. లేచిందే చాలన్నట్టు దాంతోపాటే పక్కకి తిరిగాడు. నడుంలో కలుక్కుమంది.

కుండీ మళ్లీ తన చోటికే చేరింది. ఆయన మాత్రం వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

“ఏమండీ, ఏమైనా పారేసుకున్నారా?”

“నడుం... పట్టేసింది,” అన్నాడు నేలతో.

ఆమె నవ్వబోయింది. ఎడమ కాలు తిమ్మిరెక్కిందని ఆయన అనేసరికి ఒక్క ఉదుటున లేచింది. కప్పు ఎక్కడ పడేసిందో తెలియదు. పక్కింటాయన్ని కేకేసింది. ఇద్దరూ కలిసి ఆయన్ని కారు వెనకసీట్లో పడుకోబెట్టారు. ఆమే స్టీరింగు పట్టుకుంది.

“ఎక్కడికి?” మూలిగాడు.

“నాలుగురోడ్ల దగ్గరి నడుంనొప్పి ఆసుపత్రికి.”

“అక్కడికి మాత్రం వద్దే! ఊళ్లో ఇంకోటి లేదా?”

“ఊరంతా అక్కడికే పోతుంటే మీకొచ్చిన లోటేమిటి?”

“నా పరువు తీయకే...”

“నడుం పోయాక పరువేం చేసుకుంటారు? కదలకుండా పడుకోండి.”

స్ట్రెచర్ వచ్చింది. ఆయన తువ్వాలు మొహంమీద కప్పుకున్నాడు. హాలునిండా జనం. కూర్చోలేక కొందరు, లేవలేక కొందరు. వాళ్ల మధ్యనుంచి స్ట్రెచర్ సాగుతుంటే తువ్వాలు కాస్తా జారిపోయింది.

కౌంటరు వెనక నర్సు అలవాటుకొద్దీ దిగ్గున లేచి నిలబడి, “గుడ్ మార్నింగ్ డాక్టరుగారూ, మీకోసం ముప్పైమంది నడుంనొప్పివాళ్లు కూర్చునున్నారండీ!” అంది.