దాదాపు అన్ని లోకాల్లోనూ

ఆస్పత్రి వరండాలో తమ్ముడు ఫోనులో ఏదో వీడియో చూపిస్తూ చెప్పుకుపోతున్నాడు. "చూడక్కా, క్వాంటం సైన్సంట. మనం ఏ పని చేసినా లోకం రెండుగా చీలిపోతుందంట. ఇంకో లోకంలో ఆ రోజు నేను తాగనే లేదు. బావ కాలు బావకే ఉంది."

కాలేజీలో ఫిజిక్సు చెప్పే అక్క అతన్ని పురుగును చూసినట్టు చూసింది.

"లోకాలు చీలతాయనే అనుకుందాం. అది ఎలక్ట్రానులాంటి వాటి దగ్గర మొదలయ్యే సంగతి. నువ్వు సీసా మూత తీశావని లోకాలు చీలవు. అనుకున్నవన్నీ అక్కడ సమానంగా జరిగిపోవు కూడా. తాళాలు ఇంకొకరి చేతికిచ్చే బుద్ధి నీకెప్పుడుంది? లోకాలెన్నున్నా దాదాపు అన్నిట్లోనూ తాగి కారు తోలేది నువ్వే. మిగిలిన ఒకటీ అరాకి ఇక్కణ్ణించి బస్సుల్లేవు."

తమ్ముడి ముఖం విప్పారింది. "అంటే ఎటు తిరిగీ జరిగేదేనన్నమాట! నా చేతుల్లో ఏం లేదన్నమాట!"

వీడికి తిట్టు కూడా సాకుగానే పనికొచ్చింది, ఛీ, అనుకుంటూ ఆమె అతన్ని అక్కడే వదిలేసి గదిలోకి వెళ్ళింది.

భర్త మేలుకునే ఉన్నాడు. తలుపు తెరిచి ఉండటంతో మాటలన్నీ విన్నాడు. అతని మీది దుప్పటి ఒకవైపు మోకాలి దగ్గరే చదునైపోయింది.

"ఒక్కటి చెప్పు," అన్నాడు. గొంతులో కోపం లేదు. "వాడు తాగున్నాడు, నేను టాక్సీలో వస్తానన్నాను. తమ్ముడు చిన్నబుచ్చుకుంటాడు, కారెక్కండి అన్నావు. దాదాపు అన్ని లోకాల్లోనూ అలాగే అనేదానివా?"