గేటు దగ్గర ఆవిడ

"కాగితం, పెన్ను తీయండి. ఒక ప్రశంసాపత్రం రాయాలి," అంది భార్య.

మాస్కు కట్టుకుని తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్న పెయింటరు తన చెవులను తనే నమ్మలేకపోయాడు. పిల్లల వార్డులో పాపకిది ఐదో రోజు. ఇంకో అరగంటలో రిపోర్టు వస్తుందన్నారు. ఐదు వారాల పసికందు తల్లి ఒడిలో నిద్రపోతోంది. బుల్లి కాలికి ఒక వైరు, దాని చివర అంకెలు చూపించే మిషను. ఇలాంటప్పుడు ఆఫీసు పనా!

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. నాకు చేతులు ఖాళీ లేవు. మీవి బోర్డులు రాసే చేతులు, అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి."

భార్య ఒక పెద్ద గోదాములో గేటు సూపర్‌వైజరు. ఇరవై మంది కాపలావాళ్ళు ఆమె కింద పనిచేస్తారు. కాన్పు సెలవులో ఉన్నా గేటు ఆమెను వదలదని అతనికి తెలుసు. మందుల చీటీని వెనక్కి తిప్పాడు. అసలు కాదనే మొహం ఎక్కడుంది? పాపకి దగ్గు అంటించింది తనే.

రంగుల వాసనకి వచ్చిన పొడిదగ్గనుకుని, పది రోజులు పాపని భుజాన వేసుకుని తిరిగాడు. అది కోరింత దగ్గని తేలేసరికే పాపా దగ్గడం మొదలుపెట్టింది. ఐదు రోజులు మాత్రలు మింగాక ఇవాళే ఈ గదిలోకి రానిచ్చారు.

అంతకంటే పెద్ద ముల్లు ఇంకొకటుంది. ఆ దగ్గు బిడ్డకి రాకుండా భార్యకి ఏడో నెలలో సూది వేస్తామంటే, వద్దన్నదీ తనే. "ఆ మందు కడుపులో మాయకి మంచిది కాదటరా, బిడ్డకి ముప్పట" అని అమ్మ చెప్పింది. అమ్మకి పక్కింటావిడ చెప్పింది. పక్కింటావిడకి ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. భార్య మాత్రం గంటసేపు డాక్టరమ్మని ప్రశ్నలతో ఊపిరాడనివ్వకుండా చేసి, ఒంటరిగా వెళ్ళి వేయించుకొచ్చింది. అతను వారం రోజులు మాట్లాడలేదు.

"రాయండి. ఈమె మా గేటు దగ్గర పట్టుమని ఏడాది కూడా పనిచేయలేదు."

"ఏడాది కూడా చేయనిదానికి ప్రశంసాపత్రమా? మా మేస్త్రి దగ్గర ఇరవై ఏళ్ళుగా గోడలు గీకుతున్నాను. బాగుందన్న పాపాన పోలేదు."

"ఆ ఇరవై ఏళ్ళలో మీరెన్ని సెలవులు పెట్టారు?"

అతను మళ్ళీ చీటీ మీదికి వంగాడు.

"ఈమె ఒక్క పూట సెలవు పెట్టలేదు. పగలూ రాత్రీ ఒకటే డ్యూటీ. సరుకు లోపలికి పంపడం, చెత్త బయటికి పంపడం, రెండూ తన చేతిమీదే. అనుమానం ఉన్నవాళ్ళని చేతనైనంతవరకు గడప దాటనివ్వలేదు. మధ్యలో ఒకసారి పైనుంచి ఒక దొంగవి ఫొటోలు వచ్చాయి. వాటిని గేటుకి అంటించి చేతులు దులుపుకోలేదు. తనే మోసుకెళ్ళి లోపలంతా పంచింది. చివరికి చూస్తే బయటకంటే లోపలే ఎక్కువ ఫొటోలున్నాయి."

"పనిమంతురాలే!" అన్నాడతను మనస్ఫూర్తిగా.

"ఆ ఫొటోలొస్తే ఈమెకే హాని అని కొందరు గోల పెట్టారు."

"ఫొటోలతో హానేమిటి, మతి లేకపోతే సరి! ఎవరా తెలివైనవాళ్ళు?"

"ఉన్నార్లెండి. వాళ్ళ పేర్లు రాయొద్దు." భార్య పాప నుదురు నిమిరింది. "పని ముగిశాక పెద్దవాళ్ళు అంతా తిరగేసి చూశారు. ఎక్కడా ఒక్క మచ్చ లేదు."

"ముగిశాక అంటే? ఇప్పుడు లేదా?"

"పనైన పావుగంటకే బయటికి పంపేశారు. చప్పట్లు లేవు, ఒక థాంక్స్ లేదు. ఆ హడావిడిలో నేనూ ఆవిడ మొహం చూడలేదు."

పెయింటరుకి ఒళ్ళు మండింది. "ఇదెక్కడి న్యాయం!"

"అందుకే రాయిస్తున్నా. ఆవిడ వెళ్ళిన నెలకి ఆ ఫొటోల్లోని దొంగ రానే వచ్చాడు. ఇంటి మనిషి భుజమెక్కి వచ్చాడు."

పెన్ను ఆగింది. "ఆ ఇంటి మనిషికి తెలియదా?"

"పాపం, తెలియదు. అతని తప్పేమీ లేదని కూడా రాయండి."

ఎందుకో ఆ వాక్యంలో మాత్రం అక్షరాలు వంకరపోయాయి.

"ఇంతకీ దొంగ దొరికాడా?"

భార్య జవాబు చెప్పేలోపే డాక్టరమ్మ లోపలికి వచ్చింది. ఆమె చేతిలో రిపోర్టు ఉంది.

"క్రిమి పాపదాకా వచ్చిందమ్మా. కానీ వేళ్ళూనలేకపోయింది. ఊపిరి బాగుంది, పాలు బాగా తాగుతోంది. ఇంత చిన్నపిల్లలకి ఒక్కోసారి ఊపిరే ఆగిపోతుంది. ఏడో నెలలో మీరు వేయించుకున్న సూదే దీన్ని కాసింది. రేపు ఇంటికి వెళ్ళొచ్చు."

డాక్టరమ్మ వెళ్ళాక అతను సిగ్గుపడకుండా ఏడ్చాడు. పాప పాదం మీద వేలు పెట్టి, "నీ తల్లి మొండితనం చల్లగుండ!" అన్నాడు. కాసేపటికి తేరుకుని భార్యని చూశాడు.

"అవునూ, సూది నీ జబ్బకి కదా వేశారు. కడుపులో ఉన్న దీనిదాకా ఎలా అందింది?"

"ముందు ఉత్తరం పూర్తి చేయండి. పేరు రాయలేదు."

అతను మోచేత్తో కళ్ళు తుడుచుకుని పెన్ను అందుకున్నాడు. పేరుకోసం వదిలిన ఖాళీలో పెన్ను ఆనించాడు.

"చెప్పు. ఏమని రాయను?"

భార్య పాప కిందనుంచి ఒక చెయ్యి విడిపించుకుని, ఖాళీ అయిన తన పొట్టమీద పెట్టుకుంది.

"మాయ."