బొటనవేలు

మూతికి మాస్కు, దానిమీద ముఖానికి అడ్డంగా తగిలించుకున్న ప్లాస్టిక్ అద్దం వెనకనుంచి డాక్టరమ్మ బొటనవేలు పైకెత్తింది.

దశరథానికి అంతే చాలు. లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు.

ముప్పై ఏళ్లు సాంచల మధ్య నిలబడ్డ మనిషి. ఆ మరమగ్గాల దడదడ అతని చెవుల్ని సగం తినేసింది. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పోల్చుకునేవాడు. మాస్కులొచ్చాక ఆ దారీ మూసుకుపోయింది.

బొటనవేలు మాత్రం తెలుసు. కార్ఖానాలో ఆ సైగకు ఒకటే అర్థం. సాంచ మంచిగ నడుస్తోంది, చెయ్యి పెట్టొద్దు.

పక్కన కూర్చున్న భార్య బాలవ్వ, డాక్టరమ్మ హిందీలో చెప్పిందంతా విన్నది.

గర్భసంచిలోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు కదా, అందులో చెడు ఏమీ లేదు. అది మొదటి మాట. ఆ తర్వాత ఇంకో మాట ఉంది.

ముట్లు ఆగే వయసు తెచ్చిన ఆవిర్లకు రెండు మందులిచ్చారు. ఒకటి ఒంటిని చల్లార్చింది. రెండోది గర్భసంచికి కాపలా. ఆ కాపలా మందే ఆమెకు పడలేదు. అది వేసుకున్నన్నాళ్లూ తల దిమ్ము, కారణం లేని ఏడుపు. గిన్నెలు తోముతూ తోముతూ, ఎందుకీ బతుకు అనిపించేది. మార్చి చూశారు. లోపల పెట్టే సాధనం కూడా పెట్టి తీశారు. అదే తంతు.

"కాపలా లేకుండా మొదటిది ఇవ్వలేను. రెండూ ఆపేసి మంటను ఓర్చుకుంటావా, లేక గర్భసంచి తీయించుకుని మొదటి మందొక్కటే వాడతావా? తొందరేం లేదు. ఇంట్లో మాట్లాడుకుని రా. నిర్ణయం నీదే."

ఇన్నేళ్లలో ఎవరూ ఆమె చేతిలో పెట్టని మాట అది. ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

బయటికి రాగానే దశరథం బండి మీద లోచో కొన్నాడు. పొగలు కక్కే శనగపిండి ముద్ద, పైన నూనె, సన్న కారప్పూస.

"ఏం లేదట! నేను చెప్పలే? ఉత్తగనే బుగులు పడ్డవ్!" రోడ్డు మీద వాళ్లంతా తిరిగి చూశారు.

"అది కాదయ్యా..."

"కారమైందా? ఆగు, జర నీళ్లు తెస్త."

లోచో ఎంత బాగుందంటే, అంత దిగులులోనూ బాలవ్వ వేళ్లు నాక్కుంది.

సూరత్‌లోని ఉధ్నాలో వాళ్ల గల్లీ చప్పుడు లేకుండా పడి ఉంది. దీపావళి సెలవులు. సాంచలు నడిచే రోజుల్లో గోడలే వణుకుతాయి. ఇప్పుడు ఒకరు తుమ్మితే నాలుగు గదులకు తెలుస్తుంది.

రేకు తడిక అవతల కొడుకు రాజు, కొత్త కోడలు హారతి. లాక్‌డౌన్‌లో, పట్టుమని పాతికమంది లేని పెళ్లి. ఫోటోలో రాజు చెవి ఒకటి వంకరగా పడిందని హారతి పడీపడీ నవ్వుతోంది. ఆ నవ్వుకు బాలవ్వ పెదవులూ విచ్చుకున్నాయి.

గర్భసంచి ముచ్చట దశరథానికి వినిపించాలంటే అరవాలి. అరిస్తే గల్లీ వింటుంది. తడిక వింటుంది.

అరవకుండా చెప్పాలంటే ఆయన ఆమె ముఖం చూడాలి.

ఇంట్లో ఆయన చూసేది ఫోను.

సిరిసిల్లలో ఉన్న చెల్లెలు లింగవ్వకు ఫోన్ చేసి, కొంగు అడ్డం పెట్టుకుని చెప్పింది.

"రిపోర్టు మంచిగొచ్చె గదక్కా, ఇంకేంది? నాకు తీసినంక ఏడాది దాక నడుము లేవలే. అయినా, బావ ఏమంటుండు?"

"అడగలే."

"అడగక?"

అప్పుడే అరికాళ్లనుంచి మంట ఎగబాకింది. బాలవ్వ ఫోను పెట్టేసి, నీళ్ల డ్రమ్ము పక్కన కూర్చుని, తడిపిన కొంగు మెడకు చుట్టుకుంది. చలికాలం అందరికీ వచ్చింది, ఆమెకు రాలేదు.

సూరత్‌కు వచ్చిన కొత్తలో ఆమె కూడా అదే కార్ఖానాలో ఓ మూల కండెలు చుట్టేది. దశరథం సాంచ అవతల నిలబడి, పెదవులతో మాత్రమే అడిగేవాడు, ఇవ్వాళ ఏం కూర అని. ఆమె జవాబు కోసం కళ్లు ఆర్పకుండా చూసేవాడు. పడుగును చూసినట్టే. ఒకనాడు ఆమె ఏదో కొంటెమాట అన్నది. అతను తెగిన పోగు చూసుకోలేదు. మూరెడు గుడ్డ పాడై సేఠ్ చేత తిట్లు తిన్నాడు. సాయంత్రం దాకా ఇద్దరూ నవ్వారు. చుట్టూ అంతమంది ఉన్నా, ఆ మాట ఏమిటో ఎవరికీ తెలియదు.

పొద్దుగూకుతుండగా దశరథం గడపలో నిలబడి, ఎదురింటి రాజనర్సుకు గల్లీ అంతా వినబడేలా చెబుతున్నాడు.

"రేపు లాభ్ పాంచమ్. సేఠ్ పూజ చేసి సాంచలు షురూ జేస్తడు. మాస్కు పెట్టుకోవాల్నట! ఒకని మూతి ఒకడు సూడకుంటె ఆడ పనెట్లయితదే? గదుమ కిందికి గుంజుడే!"

రాజనర్సు నవ్వాడు.

బాలవ్వ కొంగు పిండి, లేచి నిలబడింది.

"హారతీ, రేపు పొద్దుగాల మీ మామకు డబ్బా కట్టకు. పగటి బువ్వ యాళ్లకు నేనే కార్ఖానకు తీస్కపోత."

"మీరెందుకత్తమ్మా? ఆ చప్పుట్ల ఎవ్వలకు ఏం ఇనరాదు."

"ఇద్దరికి కట్టు. జర సేపు కూసోని వస్త."