మూడో టేపు

"మూడో వేలు టేపు మీద పెట్టు," అన్నాను.

"అక్కడ బాగోదు మాస్టారూ," అంది తొమ్మిదేళ్ల పిల్ల, వయొలిన్ దించకుండానే.

వేలు ఎక్కడ పడాలో తెలియడానికి కొత్తవాళ్ల వయొలిన్‌కి నేనే సన్నటి టేపు ముక్కలు అంటిస్తాను. నెల రోజులుగా ఈ పిల్ల వేలు మూడో టేపుకి ఇవతలే ఆగుతోంది. నేను జరుపుతున్నాను, తను వెనక్కి తెచ్చుకుంటోంది.

గుమ్మంలో నిలబడ్డ వాళ్లమ్మకి విసుగొచ్చింది.

"ఇంట్లోనూ ఇదే మొండితనం. మాస్టారి మాట వినకపోతే ఇవాళే మాన్పించేస్తా."

"మాన్పించుకో. వేలు మాత్రం ఇక్కడే పెడతా." పిల్ల నా వైపు తిరిగింది. "మీరు వేలు చూస్తున్నారు మాస్టారూ. ఒక్కసారి కళ్లు మూసుకోండి."

మూసుకున్నాను. కమాను కదిలింది. స్వరం తేటగా, ఎక్కడా వంక లేకుండా పలికింది.

టేపు నేనే తప్పుగా అంటించాను. అక్కడికక్కడే నాలుగూ పీకేశాను.

"అయ్యో, ఇక దానికెలా తెలుస్తుందండీ?" అంది తల్లి.

"దానికి వినపడుతుందమ్మా. రేపూ పంపించండి."

వాళ్లు వెళ్లాక నా వయొలిన్ పెట్టె తెరిచాను. గురువు లేకుండా నేర్చుకున్నవాణ్ణి. ఇరవై ఆరేళ్లుగా ఎవరి కంటా పడకుండా మార్చి మార్చి అంటించుకుంటున్న టేపులు నాలుగూ పీకి, కళ్లు మూసుకున్నాను.